ముప్పై రెండు వేల ఆటలు, ఒక మూలగడి

మా మేనకోడలు పంతొమ్మిది సంవత్సరాలుగా ఒకే కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తున్నది. దుకాణం ముందు భాగంలో ఫ్రేములు, నిలువుటద్దాలు, ఏ ఫ్రేము పెట్టుకున్నా బాగుందని చెప్పే అమ్మకందారులు ఉంటారు. ఈమె చోటు వెనుక గది. ఇద్దరు నిలబడితే మూడవవారు చెయ్యి చాపలేనంత ఇరుకైనది. చీటీలో డాక్టరు వ్రాసిన ప్రకారం వచ్చిన అద్దాన్ని పవరు చూసే మిషను మీద పెట్టడం, సరిగ్గా నడిమధ్య సిరాచుక్క వేయడం, ఫ్రేము ఆకారానికి తగినట్లు అంచు అరగదీయడం, బిగించిన తరువాత మరల అదే మిషను మీద పెట్టి చూడడం ఆమె విధులు. చీటీకీ అద్దానికీ పావు వంతు తేడా కనిపించినా ఆ అద్దం వెనక్కు పోవలసిందే.

"పావే కదమ్మా, రెండు రోజులకు కళ్ళు అలవాటు పడిపోతాయి" అని ఒకసారి యజమాని నచ్చజెప్పబోయారు.

"వాళ్ళ కళ్ళు అలవాటు పడతాయండీ. నా కళ్ళు పడవు" అన్నది ఈమె.

ఆనాటి నుండి దుకాణంలో ఆమెకు "పావు" అనే పేరు స్థిరపడింది. ఆమె దానిని వేళాకోళంగా తీసుకోక, బిరుదుగానే స్వీకరించింది. ఇంటర్నెట్‌లో సైతం ఆ పేరుతోనే వ్యవహరిస్తుంది. అక్కడివారు ఆమె ఆ పేరును చదరంగం బల్ల మీది నుండి తీసుకున్నదని భావిస్తారు. వారి భ్రమను ఆమె తొలగించలేదు.

అక్కడివారు అనగా ఎవరో ఇచ్చట తెలుపవలసి ఉన్నది. చదరంగం ఆడే ప్రోగ్రామును చెస్ ఇంజిన్ అంటారు. దానికి స్థితిని చూపితే మంచి ఎత్తును చెబుతుంది. ఈమె పనిచేసే ఇంజిన్ ఉచితమైనది. దాని లోపలి వ్రాత మొత్తం అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదువవచ్చు, తీసుకుపోవచ్చు, మార్పు చేయదగునని ప్రతిపాదించవచ్చు. ప్రతిపాదించినవారు ఎంతటివారైనా మాట మీద ఏ మార్పూ జరుగదు. పాత ఇంజినూ, మార్పు చేసిన కొత్త ఇంజినూ ఒకదానితో ఒకటి వేల సంఖ్యలో ఆటలు ఆడాలి. ఆ ఆటల కొరకు తమ కంప్యూటర్లను ఊరకే ఇచ్చే స్వచ్ఛంద సభ్యులు పలుచోట్ల ఉన్నారు. ఏదైనా కొత్తగా చేర్చదలచినవారు ఇంజిన్ బలం పెరిగినట్లు నిరూపించాలి. ఉన్నదానిని తీసివేయదలచినవారు బలం తగ్గలేదని నిరూపిస్తే చాలు. ఎందుకనగా, పంక్తులు ఎంత తక్కువైతే తప్పులు అంత తక్కువ.

మా మేనకోడలు తీసివేతలనే ఎంచుకున్నది. ఎందుకమ్మా అని అడిగాను.

"అద్దమైనా అంతే కదా మావయ్యా. అరగదీస్తేనే ఫ్రేములో కూర్చుంటుంది. అందరూ అతికించేవాళ్ళే. అరగదీసేవాళ్ళు ఒక్కరైనా ఉండొద్దూ?"

ఈ పనికి కావలసిన చదువు ఆమె ఏ కళాశాలలోనూ చదువలేదు. గ్రంథాలయం నుండి తెచ్చిన పుస్తకాలతో, భర్త వాడి పక్కన పెట్టిన కంప్యూటరుతో, ముప్పై అయిదవ ఏట ఆరంభించి, ఏడు సంవత్సరాలలో తానే నేర్చుకున్నది. భర్త బస్సు డ్రైవరు. ఉదయం బస్సు తీసేముందు చక్రాలను తన్ని చూసే మనిషి. భార్య చేసే పని తనకు అర్థం కాదని నిస్సంకోచంగా చెబుతారు గాని, ఎవరైనా అడిగితే మాత్రం పావుగంటకు తక్కువ కాకుండా వివరిస్తారు.

చదరంగం ఆమెకు తల్లి నుండి వచ్చింది. తల్లి, అనగా నా చెల్లెలు, టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి పదవీ విరమణ పొందినది. లైన్లు ఖాళీగా ఉన్న వేళల్లో వేరొక ఊరి ఎక్స్ఛేంజిలోని ఆపరేటరుతో, ఒకరి ముఖం ఒకరు ఎరుగకుండానే, పదకొండు సంవత్సరాలు నోటి మాటగా చదరంగం ఆడిన మనిషి. ఇప్పుడు వయస్సు డెబ్బది రెండు. ప్రతి మధ్యాహ్నం భోజనాల బల్ల మీద కూతురి ఇంజిన్‌తో, దాని అతి తక్కువ స్థాయిలో, ఒక ఆట ఆడుతుంది. ఆరు సంవత్సరాలలో ఒక్కసారీ గెలువలేదు. ఒక్కసారీ ఆట సమం కూడా కాలేదు. అయినను ఏ రోజూ మానలేదు.

"ఓడిపోతున్నానని మానేస్తే దానికి లోకువైపోతానన్నయ్యా" అని నాతో అన్నది.

మా మేనకోడలు రెండున్నర సంవత్సరాల కాలంలో ఇరవై మూడు ప్రతిపాదనలు పంపినది. ఇరవై మూడూ పరీక్షలో వీగిపోయినవి. ఇరవై నాలుగవది గెలిచింది. దాని వివరం సులభమైనదే కనుక తెలుపుతాను.

ఆట చివర ఒక పక్షానికి రాజు, ఏటవాలుగా నడిచే శకటు, బల్ల అంచు వరుసలో ఒక బంటు మాత్రమే మిగిలినవనుకుందాం. ఆ బంటు చివరకు చేరవలసిన మూలగడి నల్లనిదై, శకటు తెల్లగడుల మీద మాత్రమే నడిచేదైతే, ఎదుటి రాజు ఆ మూలకు పోయి కూర్చుంటే చాలు. అతనిని అక్కడినుండి లేపగల శక్తి ఎవరికీ లేదు. ఎంత ఆధిక్యం ఉన్నా ఆట సమమే. ఈ సంగతి ఇంజిన్‌కు తెలుపుతూ పద్నాలుగు పంక్తులు ఉండేవి. ఇప్పటి ఇంజిన్ ఎన్నో ఎత్తులు ముందుకు చూస్తుంది కనుక ఈ పద్నాలుగు పంక్తుల అవసరం తీరిపోయినదని మా మేనకోడలి వాదం. పరీక్షలో ముప్పై రెండు వేల నూట పద్దెనిమిది ఆటలు జరిగినవి. గెలుపులు, ఓటములు తూకం వేసినట్లు సమానంగా వచ్చినవి. బలం తగ్గలేదని తేలి, పద్నాలుగు పంక్తులూ తొలగింపబడినవి. ఇంజిన్‌తోపాటు వెలువడే సహకర్తల జాబితాలో "పావు" అనే పేరు చేరినది. భర్త ఆ పుటను అచ్చు తీయించి ఫ్రిజ్ తలుపు మీద అతికించారు.

ఆ తరువాత పెద్దాయన నుండి కబురు వచ్చింది. ఇంజిన్‌లోకి ఏ మార్పు పోవాలన్నా చివరి అనుమతి ఆయనది. ముప్పై ఒక్క సంవత్సరాలు రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో మీటలు లాగి విరమించినందున అందరూ ఆయనను "సిగ్నల్‌గారు" అని పిలుస్తారు. ఇంజిన్ కొత్త కూర్పు విడుదలయ్యే రోజున, ఆట చివరి దశలకు సంబంధించిన విభాగం మొత్తాన్ని మా మేనకోడలికి అప్పగిస్తున్నట్లు ప్రకటిస్తానని ఆయన తెలిపారు. ఏడేళ్ళుగా ఆమె మనస్సులో ఉన్న కోరిక అదే. బయటికి ఎన్నడూ చెప్పలేదు గాని, ఆ రోజు తల్లిని రెండు చేతులతో ఎత్తి గిరగిరా తిప్పినది.

"దించవే, నేనేమైనా ట్రోఫీనా?" అని మా చెల్లెలు కేకలు వేసింది.

ఈ మధ్యకాలంలోనే, ఇంట్లోని కంప్యూటరులో కూడా ఆ పంక్తులు లేని ఇంజిన్‌ను పెట్టిన తరువాత, ఒక వింత మొదలైనది. మా చెల్లెలు ఒక మధ్యాహ్నం ఇంజిన్‌తో ఆటను సమం చేసింది. వారం తిరుగకముందే మరొకటి. ఆ నెలలోనే మూడవది.

"అది మతిపోయి ఆడుతోందే" అన్నది మా చెల్లెలు, కూతురు ఇంటికి రాగానే. "గెలుస్తున్నానంటుంది. అయిదు బంట్ల ఆధిక్యమని చూపిస్తుంది. నేను మాత్రం మూలలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటా. అది నా చుట్టూ తిరిగి తిరిగి ఊరుకుంటుంది."

"అతి తక్కువ స్థాయిలో అది కావాలనే తప్పులు చేస్తుందమ్మా. దాన్ని అలాగే తయారుచేశాం."

"మూడుసార్లూ ఒకే తప్పా? నేను గుర్రాన్ని ఇచ్చి దాని నడిమి బంటు తీసేస్తాను. అది ఎగబడి గుర్రాన్ని తినేస్తుంది. ఇక దానికి అంచు బంటు, శకటు మిగులుతాయి. నేను మూలకు పోతాను. ఆ మూల నా సొంతిల్లయిపోయింది."

"అమ్మా, నీవి మూడు ఆటలు. నావి ముప్పై రెండు వేలు."

"నావి నేను ఆడినవి. నీవి నువ్వు చూశావా?"

కూతురు నవ్వి చేతులు కడుక్కోవడానికి పోయింది. ఆ సమాధానం ఆమెకు తప్పుగా తోచలేదు. నాకూ తోచలేదు. మూడు ఆటల సాక్ష్యాన్ని ముప్పై రెండు వేల సాక్ష్యంతో ఎవరు తూస్తారు?

విడుదలకు పదిహేను రోజుల గడువు ఉన్నది. ఈ లోపల మా మేనకోడలు కొత్త సభ్యుల కొరకు ఒక మార్గదర్శిని తెలుగులో వ్రాసినది. మార్పు ఎలా ప్రతిపాదించాలి, పరీక్షకు ఎలా పంపాలి అనునవి అందులో వరుసగా ఉన్నవి. ఉదాహరణగా తన పద్నాలుగు పంక్తుల పరీక్షనే పెట్టినది. శుద్ధప్రతి తయారుచేయుటకు దానిని నాకు ఇచ్చినది. కార్యాలయంలో ఉత్తరాలకు శుద్ధప్రతులు వ్రాయుట నా జీవితకాలపు పని. మా పద్ధతిలో ప్రతి వ్రాయడంతో పని ముగియదు. ఒకరు మూలాన్ని బిగ్గరగా చదవాలి, మరొకరు ప్రతిని చూస్తూ పోవాలి. చుక్క, గీత, అంకె ఏదీ విడువకూడదు. ఆదివారం ఉదయం ఆమె తెరను చూసి చదువుతుండగా నేను ప్రతిని అనుసరించాను.

ఉదాహరణ వద్దకు వచ్చేసరికి ఆమె రెండు పంక్తులను దాటబోయింది.

"ఆగమ్మా. ఇక్కడ రెండు వరుసలున్నాయి."

"అవి గుర్తింపు సంఖ్యలు మావయ్యా. పాత ఇంజిన్‌ది ఒకటి, కొత్త ఇంజిన్‌ది ఒకటి. లోపల ఒక్క కామా మారినా సంఖ్య మొత్తం మారిపోతుంది. పరీక్ష పేజీ నుంచి కాపీ చేసి అతికించాను. చదవక్కర్లేదు."

"నేను చేత్తో వ్రాశాను కదా. చదువు."

ఆమె నిట్టూర్చి చదివింది. అక్షరాలు, అంకెలు కలిసిన నలభై గుర్తుల వరుస అది. "ఏడు, సి, నాలుగు, ఎఫ్, సున్న, సున్న, బి, తొమ్మిది..." నలభై పూర్తి అయినవి. "ఇక రెండోది. ఏడు, సి, నాలుగు, ఎఫ్, సున్న, సున్న..."

"పైదే మళ్ళీ చదువుతున్నావు."

"లేదు మావయ్యా, కిందిదే."

"నా ప్రతిలోనూ అదే ఉన్నది. నేనే పొరపాటున పైవరుసను రెండుసార్లు వ్రాశాననుకున్నాను."

 ఆమె తెర మీద వేలు పెట్టి, ఒక్కొక్క గుర్తును పైనుండి కిందికి, కిందినుండి పైకి పోల్చింది. తరువాత పరీక్ష జరిగిన అసలు పేజీని తెరిచింది. ఆ పేజీలో పెద్ద అక్షరాలతో "పాతది", "కొత్తది" అని ఆమె పెట్టిన పేర్లు ఉన్నవి. వాటి క్రింద, సన్నని అక్షరాలలో, రెండు సంఖ్యలు. రెండూ ఒక్కటే.

జరిగినది ఆమె రెండు నిమిషాలలో గ్రహించినది. పద్నాలుగు పంక్తులను తన కంప్యూటరులో తొలగించినది నిజమే. ఆ తొలగింపును పరీక్షా కేంద్రానికి పంపక ముందే పరీక్ష మొదలుపెట్టమని ఆదేశం ఇచ్చినది. ఆ రోజు విమానం ఎక్కబోయే ఒకాయన కళ్ళద్దాల కొరకు యజమాని మూడుసార్లు ఫోను చేసి ఉన్నారు. హడావుడిలో మొదట చేయవలసినది తరువాత చేసినది. ఫలితంగా పాత ఇంజిన్ పాత ఇంజిన్‌తోనే ముప్పై రెండు వేల ఆటలు ఆడినది. అటువంటప్పుడు గెలుపోటములు సమానం కాక ఏమవుతాయి?

"ఒకే అద్దాన్ని రెండుసార్లు మిషను మీద పెట్టి, రెండు కళ్ళకూ సరిపోయిందని రాశాను" అన్నది నెమ్మదిగా.

భోజనాల బల్ల అవతలి నుండి మా చెల్లెలు తలెత్తింది. అంతా విన్నది. "మూడు ఆటలు" అని ఒక్క మాట అని, మరల పావులు సర్దుకున్నది.

భర్త పక్కన కూర్చుని విషయం మొత్తం చెప్పించుకున్నారు. "ఎనిమిది రోజుల్లో ఆ విభాగం నీ చేతికొస్తుంది. వచ్చాక నువ్వే నిదానంగా సరిచేసుకోవచ్చు కదా. ఇప్పుడు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఇంజిన్‌కి తెలుసు. అమ్మకి తెలుసు."

"పేరు తీసేస్తారేమో."

"తీసేయనీ. తప్పు చీటీ అయితే డాక్టరుది. తప్పు అద్దం అయితే నాది. పెట్టుకున్న మనిషి గుమ్మం తట్టుకుని పడేదాకా ఆగమంటారా?"

 ఆయన లేచి ఫ్రిజ్ తలుపు మీది పుటను చూశారు గాని, దానిని తీయలేదు.

ఆమె స్పీకరు పెట్టి సిగ్నల్‌గారికి ఫోను చేసినది. మమ్మల్ని లేచిపొమ్మనలేదు. మేమూ లేవలేదు.

"నమస్కారమండీ, నేను పావును. నా పరీక్ష చెల్లదు. రెండు వైపులా ఒకే ఇంజిన్ ఆడింది. సంఖ్యలు పంపుతున్నాను, చూడండి."

 అవతల మౌసు నొక్కుతున్న చప్పుడు. "ఎవరు కనిపెట్టారమ్మా?"

"మా మావయ్య. గట్టిగా చదివించారు. అంతకుముందే మా అమ్మ ఆడి పట్టుకుంది. నేనే వినలేదు."

"విడుదల ఎనిమిది రోజుల్లో పెట్టుకుని ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే తెలిసిందండీ. తెలిసి ఇరవై నిమిషాలైంది."

"సరే. రెడ్ సిగ్నల్ వేస్తున్నా. నీ మార్పుని మళ్ళీ సరిగ్గా పరీక్షకు పెట్టు. ఏమవుతుందనుకుంటున్నావు?"

"నిజం చెప్పాలంటే గెలుస్తుందనే అనుకుంటున్నానండీ."

"నీ ధైర్యం నాకు నచ్చుతుంది. చూద్దాం."

ఆమె పరీక్ష మొదలుపెట్టినది. మొదలుపెట్టే ముందు రెండు సంఖ్యలనూ బిగ్గరగా చదివినది. నేను పోల్చాను. ఈసారి మొదటి గుర్తు దగ్గరే తేడా ఉన్నది.

ఫలితం మరునాటి సాయంత్రానికి వచ్చినది. పదకొండు వేల నాలుగు వందల అరవై ఆటలు పూర్తి అయ్యేసరికే పేజీ ఎర్రబడినది. మార్పు వీగిపోయినది. ఆ పంక్తులు లేని ఇంజిన్ స్పష్టంగా బలహీనమైనది.

ఆమె నిరాశ పడుతుందని మేము అనుకున్నాము. ఆమె ఆ ఇంజిన్ గెలువలేకపోయిన ఆటలను ఒక్కొక్కటి తెరిచి, అరవై దాకా చూసినది. దుకాణంలో లోపమున్న అద్దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని చూసేటప్పటి ముఖమే అప్పుడూ ఉన్నది.

"చూడమ్మా" అని తల్లిని పిలిచింది. "నేననుకున్నది, ఈ పంక్తులు ఆట చివరి పది ఎత్తుల కోసమని. కాదు. ముప్పై ఎత్తుల ముందే పని చేస్తాయి. ఈ దారిలో పోతే ఆ మూల దగ్గర ఇరుక్కుంటావు, పోవద్దు అని ముందే చెబుతాయి. అవి లేకపోతే గుర్రాన్ని చూడగానే నోరూరి తినేస్తోంది."

"నేను చెప్పింది అదేగా. ఎగబడి తింటోందని."

"నువ్వు చెప్పిందే."

"ఇంకోసారి చెప్పు, మీ మావయ్య వినలేదు."

"నువ్వు చెప్పిందే!"

పద్నాలుగు పంక్తులూ యథాస్థానంలో చేర్చబడినవి. సహకర్తల జాబితా నుండి తన పేరు తీసివేయవలసినదిగా ఆమె తానే వ్రాసి పంపినది. తీసివేశారు. భర్త ఆ సాయంత్రం ఫ్రిజ్ తలుపు మీది పుటను తీసి, మడిచి, బీరువాలో పెట్టారు.

ఇంతటితో ఆమె పని ముగించి ఉంటే ఈ వృత్తాంతం వ్రాయవలసిన అవసరం నాకు కలిగేది కాదు. తన పొరపాటు ఒక హడావుడి రోజున జరిగినది. హడావుడి రోజులు అందరికీ ఉంటాయి కదా అని ఆమెకు తోచినది. రెండు గుర్తింపు సంఖ్యలు ఒక్కటే అయితే పరీక్షను మొదలుపెట్టకుండా తిరస్కరించే ఏర్పాటును పరీక్షా కేంద్రపు ప్రోగ్రాములో వ్రాసినది. మొత్తం మూడు పంక్తులు. తీసివేతలే చేసే మనిషి తన జీవితంలో చేర్చిన మొదటి పంక్తులు అవి. ఆ మూడు పంక్తులను గడిచిన నాలుగు సంవత్సరాల పాత పరీక్షలన్నిటి మీదుగా నడిపించి చూసినది. మూడు వేల తొమ్మిది వందల పైచిలుకు పరీక్షలలో, తనది కాక, మరి ఏడు బయటపడినవి. ఆ ఏడింటిలోనూ ఇంజిన్ తనతో తానే ఆడుకున్నది. తనకు తానే సరిసాటినని తేల్చుకున్నది.

జాబితాను చదివి ఆమె కుర్చీలో వెనక్కు వాలింది. అయిదవ వరుసలో ఉన్నది సిగ్నల్‌గారి పరీక్ష.

"ఇప్పుడేం చేస్తావు?" అని భర్త అడిగారు. ఆయన గొంతులో కొంత సరదా ఉన్నది.

"ఏం చేస్తాను, అయిదో నంబరు అని చదివి వినిపిస్తాను."

ఫోనులో వరుసగా చదివినది. అయిదవది చదివి ఊరుకున్నది.

"ఎవరిదమ్మా అది?"

"మీదేనండీ."

అవతల పెద్ద నవ్వు వినిపించినది. అంత పెద్దాయన అట్లా నవ్వగలరని మేము ఎరుగము.

"ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క బండినీ తప్పు పట్టా మీదకు పంపలేదు నేను. ఇక్కడ మాత్రం నాలుగేళ్ళ నుంచి నా బండి ఎక్కడికీ కదలకుండానే ఊరు చేరిందని జెండా ఊపుతున్నా. ఏడూ మళ్ళీ పరీక్షకు పెట్టు. నాది మొదట పెట్టు."

విడుదల మూడు వారాలు వాయిదా పడినది. కొందరు సభ్యులు గొణిగారు. ఒకాయన, ఎవరో ముసలమ్మ మూడు ఆటలు ఆడిందని ఇంజిన్ మొత్తం ఆపుతారా అని వ్రాశారు. దానికి మా మేనకోడలు, ఆ మూడు ఆటలనూ ఎత్తులతో సహా పంపి, సమం కాకుండా గెలిచే దారి ఉంటే చూపండి అని జవాబు ఇచ్చినది. ఆయన చూపలేదు.

ఏడింటిలో అయిదు మార్పులు సరైన పరీక్షలో నెగ్గినవి. రెండు వీగిపోయినవి. వాటిలో ఒకటి సిగ్నల్‌గారిది. ఆయన దానిని స్వహస్తాలతో తొలగించి, కారణాన్ని తన పేరుతోనే అందరికీ తెలియపరిచారు. మా మేనకోడలి తొలగింపు రద్దు కావడం, ఆ రెండు మార్పులు పోవడం, ఈ మూడింటితో ఇంజిన్ మొదట విడుదల చేయదలచిన దానికంటె బలమైనదని పరీక్షలలో తేలినది. అందరూ కొత్తవి చేర్చి బలం పెంచదలచిన చోట, తప్పులు దిద్దుకున్నందువలన బలం పెరిగినది.

విడుదల రోజున ప్రకటన వచ్చినది. చివరి దశల విభాగం వేరొకరికి ఇవ్వబడినది. ఆ మాట వరకు మా మేనకోడలు ముఖం కదలకుండా చదివినది. ఆ తరువాతి వాక్యం వద్ద ఆగినది. ఫోను మ్రోగినది.

"చదివావా అమ్మా?"

"చదువుతున్నానండీ. ఇక్కడ పరీక్షల విభాగం మొత్తం నా పేరున..."

"అవును. ఒక్క గదికి తాళం ఇద్దామనుకున్నాను మొదట. నువ్వు ఇల్లంతా ఊడ్చి పెట్టావు. ఇక గుమ్మం దగ్గరే కూర్చో. నాది వచ్చినా సరే, సంఖ్యలు చూడకుండా లోపలికి పంపకు."

"పంపనండీ. మీదైతే రెండుసార్లు చూస్తాను."

సహకర్తల జాబితాలో "పావు" అనే పేరు మూడు పంక్తుల కారణంగా తిరిగి చేరినది. దాని క్రింద, ఆమె కోరిక మీద, మరొక పేరు చేరినది. "ఎక్స్ఛేంజి అమ్మ". మార్గదర్శినిలోని ఉదాహరణను ఆమె మార్చలేదు. తన తప్పు పరీక్షను, రెండు ఒకే సంఖ్యలతో, అట్లాగే ఉంచి, ఇక్కడ ఏమి తప్పున్నదో కనుక్కోండి అని ఒక ప్రశ్న చేర్చినది. ఇంతవరకు మొదటి చదువులో కనుగొన్నవారు ఇద్దరే అని నాతో చెప్పినది. భర్త కొత్త జాబితాను అచ్చు తీయించారు. ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడు పుట కాస్త వంకరగా ఉన్నది. అత్తగారి పేరు ఆమె కంటి ఎత్తుకు రావాలని రెండుసార్లు అతికించినందున అట్లా జరిగినది.

విడుదలైన మరునాడు మధ్యాహ్నం నేను వారి ఇంట ఉన్నాను. దుకాణానికి సెలవు. మా చెల్లెలు కొత్త కూర్పుతో ఆటకు కూర్చున్నది. ఎప్పటివలెనే ఆట చివరకు వచ్చినది. ఇంజిన్‌కు శకటు, అంచు బంటు, నడిమి బంటు. మా చెల్లెలికి గుర్రం ఒక్కటి. ఆమె నా వైపు కన్ను గీటి, గుర్రాన్ని తీసుకుపోయి, నడిమి బంటును తినగల చోట పెట్టింది. తరువాతి ఎత్తులో గుర్రం నడిమి బంటును తీసివేస్తుంది. ఇంజిన్ గుర్రాన్ని తింటుంది. తాను మూలకు పోతుంది. అది ఆమె పథకం.

ఇంజిన్ ఆ ఎరకు ఆశపడలేదు. నడిమి బంటును ఒక గడి ముందుకు జరిపి, దానిని తప్పించింది.

"ఇదేంటే? గుర్రాన్ని ఇస్తానంటే తీసుకోదేం?"

"తీసుకోదమ్మా."

"ముందు తీసుకునేది కదా!"

"ముందు దానికి తెలియదు. ఇప్పుడు తెలుసు."

మా చెల్లెలు రాజును మూలవైపు పరుగెత్తించింది. మూలకు చేరింది. కాని నడిమి బంటు అవతలి నుండి నిశ్చింతగా నడిచి వెళ్ళి మంత్రి అయినది. పన్నెండు ఎత్తులలో ఆట ముగిసినది. మా చెల్లెలు తెర వైపు చాలాసేపు చూసింది.

"అంటే నా ఇల్లు ఖాళీ చేయించారన్నమాట."

"నువ్వు చెప్పబట్టే చేయించాం."

"పోనీలే. దానికి బుద్ధొచ్చింది" అని, తెర మీద కొత్త ఆటను తెరిచి, కళ్ళద్దాలు సవరించుకున్నది. ఆ కళ్ళద్దాలు కూతురు అరగదీసినవే. "బల్లకు నాలుగు మూలలున్నాయి. ఒకటి పోయింది. రేపట్నుంచి మిగతావి చూస్తాను. నువ్వు కాగితం, కలం తెచ్చుకుని పక్కన కూర్చో. ఈసారి మొదటి ఆటకే వినాలి."

మా మేనకోడలు నిజంగానే లేచి కాగితం తెచ్చింది. తేదీ వేసింది, కూర్పు సంఖ్య వేసింది, దాని క్రింద నలభై గుర్తుల వరుసను వ్రాసి, నా వైపు త్రిప్పింది.

"చదువు మావయ్యా, తెరతో పోల్చుకుంటాను" అన్నది.

నేను చదివాను. సరిపోయినది.